సగం సంగు

నర్సు ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు వేలూరులో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ అందరూ అడిగేది ఒకటే. "మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏదమ్మా?" పాముకాటో, లారీ ప్రమాదమో చెబుతానని వాళ్ళ ఆశ. నేను దద్దుర్లు అంటాను. ఏడాదిన్నర పాపకు వచ్చిన దద్దుర్లు. వాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు. ఒకమ్మాయి అయితే కిసుక్కున నవ్వేసింది. నవ్వనీ. ఆ సంగతి కూర్చుని చెప్పడం నాకు చేతకాదు, వంటింటికీ వాకిలికీ తిరుగుతూ చెబుతాను. ఇప్పుడు రాయడానికి కూర్చుని కూడా అప్పుడే రెండుసార్లు లేచాను.

నేను పనిచేసింది గుడియాత్తంలో ఒక పిల్లల క్లినిక్కులో. రోజూ వేలూరు నుంచి బస్సులో పోయి వచ్చేదాన్ని. డాక్టరమ్మది చిత్తూరు. నాకంటే బాగా చిన్నది కాబట్టి నన్ను అక్కా అనేది. ఆమె చూసి చీటీ రాస్తే, మందు చేతికిచ్చి ఎంత పొయ్యాలో, ఎప్పుడు పొయ్యాలో చెప్పడం నా పని. వచ్చేవాళ్ళలో సగం మంది మన తెలుగువాళ్ళే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపమొస్తే రెండూ. చెప్పుల ఫ్యాక్టరీకి పోయేవాళ్ళు, లుంగీల మగ్గాల మీద పనిచేసేవాళ్ళు. తెలుగు గలగలా మాట్లాడతారు గానీ చదవలేరు. అందుకని చీటీ మీద ఏం రాసినా లాభం లేదు, నోటితో చెప్పాల్సిందే.

చెప్పడం దగ్గరే తంటా. "రెండున్నర ఎం.ఎల్." అంటే తలూపి పోతారు. ఇంటికి పోయి స్పూనుతో పోస్తారు. ఎవరింటి స్పూను వాళ్ళది. సీసాతో వచ్చే ప్లాస్టిక్ మూతను పిల్లలు ఆడుకుని పారేస్తారు. మా వైపు పసిపిల్లలకు ఏది పట్టాలన్నా సంగుతోనే. పుస్తకాల్లో ఉగ్గుగిన్నె అంటారే, అదే. ఒకవైపు ముక్కు సాగిన చిన్న గిన్నె. బిడ్డను చాపిన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, ఆ ముక్కు నోట్లో పెట్టి వంచితే మందు గొంతులోకి దిగాల్సిందే, ఉమ్మడానికి వీలుండదు. అందుకని నేను బజారులో ఒక స్టీలు సంగు కొని మేజా మీద పెట్టుకున్నాను. సిరంజితో నీళ్ళు పోసి కొలిచాను. నిండుగా అయిదు, సగానికి రెండున్నర. ఇంకేం! ఆ రోజు నుంచి "సగం సంగు", "ఒక సంగు" అని చెప్పడం మొదలుపెట్టాను. తల్లుల మొహాలు వికసించాయి. డాక్టరమ్మ కూడా "భలే తెలివి అక్కా మీది" అంది. ఆ మాటను ఆరేళ్ళు మోసుకు తిరిగాను. నా అంత తెలివిగలది వేలూరు జిల్లాలో లేదనుకున్నాను.

అది ఆదివారం. చెప్పుల ఫ్యాక్టరీకి సెలవు కాబట్టి క్లినిక్కు కిటకిటలాడుతోంది. ఒక తల్లి పాపను చంకనేసుకుని వచ్చింది, వెంట ఆమె అత్త. పాప ఒళ్ళంతా దద్దుర్లు. వీపు మీద ఒక్కొక్కటి అప్పడమంత ఉబ్బింది. రాత్రంతా గోక్కుని ఏడ్చి, బిడ్డ గొంతు కూడా పోయింది. డాక్టరమ్మ పెదాలు చూసింది, ఊపిరి చూసింది. భయం లేదంది. పిల్లలకు దద్దుర్లు వస్తాయి, పోతాయి, చాలాసార్లు ఎందుకొచ్చాయో తెలియదు, దురద తగ్గితే చాలని చెప్పింది. పాప నిద్ర లేక అల్లాడుతోందని, నిద్రమత్తు తెచ్చే పాత రకం అలర్జీ మందు రాసింది. రోజుకు మూడు పూటలు, పూటకు రెండున్నర.

ముసలమ్మ మాత్రం వదల్లేదు. "ఇది కాణాకడి సిస్టరమ్మా. కంటికి కనబడని పురుగేదో కుట్టినాది. మేల్పాడిలో ఒకాయన తమలపాకు, మిరియాలు మంత్రించి ఇస్తాడు. దాన్ని తింటే పోతాది."

నా నోరు ఊరుకుంటుందా? "కంటికి కనబడనిది ఆయనకు మాత్రం ఎట్ల కనబడిందమ్మా? ఆ ఆకులు గీకులు బిడ్డ నోట్లో పెట్టినావంటే చూడు! నేను చెప్పినట్టు మూడు పూటలా సగం సంగు పొయ్యి. అంతే." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ముసలమ్మ "సగం సంగు. మూడు పూటలు" అని ఒప్పజెప్పింది, చక్కగా, బడిపిల్లలాగా. ఆ ఇంట్లో పిల్లలకు మందు పోసేది ఆమేనని కోడలు చెప్పింది.

మర్నాడు సోమవారం పదకొండు గంటలప్పుడు ముసలమ్మ ఆటోలోంచి దిగి పరుగెత్తుకొచ్చింది. ఒక చేతిలో పాప, ఇంకో చేతిలో ఏదో గిన్నె. పాపను నా మేజా మీద పడుకోబెట్టింది. పాప మొహం ఎర్రగా కాలిపోతోంది, కళ్ళు ఇంత పెద్దవి చేసుకుని ఎక్కడో చూస్తోంది. గాలిలో ఏదో పట్టుకుంటున్నట్టు వేళ్ళు ఆడిస్తోంది. గుండె మీద చెయ్యి పెడితే లెక్క అందడం లేదు. దద్దుర్లు మాత్రం ఒక్కటి కూడా లేవు.

"ఏం పోసినావు?" అని అరిచాను.

"మందే పోసినా సిస్టరమ్మా. నిన్నంతా బాగా నిదరపోయె. పొద్దున పోసినాక లేచి ఇట్ల..."

"మందంట మందు! ఆ మేల్పాడి ఆకు పోసినావు కదా? నిజం చెప్పు! నిన్న అంత చెప్పినా వింటివా? నీ మనవరాలమ్మా ఇది, కోడిపిల్ల కాదు!"

హాలులో నలభై మందైనా ఉంటారు. అందరూ లేచి నిలబడి చూశారు. "ముసిలోళ్ళకు చెప్తే వింటారా" అంది ఎవరో ఒకామె. డాక్టరమ్మ పరుగున వచ్చింది. పాపను పరీక్షిస్తూనే నన్ను అడిగింది. "మందు ఎంత చెప్పారక్కా?"

"సగం సంగు డాక్టర్. రెండున్నర."

"అయితే మన మందు కాదు" అంది ఆమె. ఏ ఆకైనా పోసి ఉండాలి, లేకుంటే మెదడువాపు జ్వరం మొదలవుతోంది అంది. వేలూరు పెద్దాసుపత్రికి ఉత్తరం రాసింది. మందు మోతాదు సరిగానే ఇచ్చారని అందులో నా మాట మీదే రాసింది. అంబులెన్సు వచ్చింది. ముసలమ్మ పాపతో ఎక్కింది. పాప తండ్రి మగ్గం దగ్గర్నుంచి బండి మీద వెనకే పోయాడు.

మేజా సర్దుకుంటుంటే ఆ గిన్నె కనబడింది. ముసలమ్మ పాపకు చక్కెర నీళ్ళు పట్టబోయి, కంగారులో చేతిలో అట్లాగే తెచ్చి అక్కడ వదిలేసినట్టుంది. గిన్నె కాదు, సంగు. ఇత్తడిది. ఆమె తల్లి కాలం నాటిదో, అంతకు ముందుదో. దాని పక్కన నా స్టీలు సంగు తల్లి పక్కన పిల్లలాగా ఉంది.

నేను దాన్ని కొంగు కింద పెట్టుకుని వెనక గదిలోకి పోయి సిరంజితో నీళ్ళు పోశాను. అయిదు పోసినా అడుగు మాత్రమే తడిసింది. పది. పదిహేను. ఇరవై దాటి ఇంకో రెండు పట్టింది. సగం అంటే పదకొండు. బిడ్డకు పొయ్యాల్సినదానికి నాలుగింతల పైనే. ఆదివారం మధ్యాహ్నం, రాత్రి, సోమవారం పొద్దున. ఆ ముసలమ్మ ఏ ఆకూ పొయ్యలేదు. తన నమ్మకం పక్కన పెట్టి, నా మాట తు.చ. తప్పకుండా విన్నది. విన్నందుకే ఇదంతా.

అమ్మాయిలూ, ఇక్కడ నన్ను గురించి మంచిగా అనుకోకండి. వెంటనే డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాననుకుంటున్నారేమో. లేదు. రిటైరవడానికి నాకు అప్పటికి రెండేళ్ళుంది. ఇన్నేళ్ళలో నా మీద ఒక్క మాట లేదు. డాక్టరమ్మ గది తలుపు దాకా పోయాను, లోపల ఎవరి బిడ్డో ఏడుస్తోంది, వెనక్కి వచ్చాను. మళ్ళీ పోయాను. "ఏమక్కా?" అంది. "ఏం లేదు డాక్టర్, దూది అయిపోయింది" అన్నాను. దూది అయిపోలేదు. తేలు కుట్టిన దొంగ ఎట్లా ఉంటాడో ఆ పూట నన్ను చూస్తే తెలిసేది. ఒక తల్లికి మందు ఇస్తూ అలవాటు కొద్దీ "సగం..." అని ఆగిపోయాను. ఆమె నా మొహం చూస్తూ నిలబడింది. నా చేతులు ఆగకుండా ఏదో ఒకటి సర్దుతున్నాయి, సీసాలు అటు, చీటీలు ఇటు. గోడ గడియారం చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. అక్కడ వేలూరులో వాళ్ళు లేని జ్వరం కోసం వెతుకుతుంటారు, లేని ఆకు కోసం వెతుకుతుంటారు. ఉన్నది మాత్రం నా కొంగు కింద ఉంది. ముప్పావుగంట. ఆ ముప్పావుగంటకు నేను ఎవరికీ జవాబు చెప్పలేను.

చివరికి పోయి రెండు సంగులూ డాక్టరమ్మ ముందు పెట్టాను. "డాక్టర్, వాళ్ళ సంగు ఇది" అన్నాను.

ఆమె రెండింటినీ చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "నేను కూడా మెచ్చుకున్నాను కదక్కా" అని మాత్రం అంది. ఫోను తీసింది. పెద్దాసుపత్రిలో ఎవరో ఎత్తారు గానీ, ఆ బిడ్డ పేరు ఇంకా రిజిస్టరులో ఎక్కలేదన్నారు. తండ్రి ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. తల్లి పనికి పోయింది, ఆమె ఫోను ఫ్యాక్టరీ గేటు దగ్గర పెట్టెలో ఉంటుంది. "నేను ఫోను చేస్తానే ఉంటా. నువ్వు ఆ సంగు తీసుకుని బయల్దేరు" అంది. అక్కా అనే మనిషి మొదటిసారి నువ్వు అంది. నేను కోటు కూడా విప్పలేదు.

ముందు కనబడిన బస్సు ఎక్కాను. సీట్లు ఖాళీగా ఉన్నాయి. నేను డ్రైవరు వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. "ఉక్కారుంగమ్మా, ఇవ్వళవు సీటు ఇరుక్కు!" అన్నాడు కండక్టరు, ఇంత సీటుంది కూర్చోమని. కూర్చున్నాను. లేచాను. పళ్ళికొండ దగ్గర లారీలు అడ్డం పడ్డాయి. కాలుగాలిన పిల్లిలాగా ముందు తలుపు దగ్గరికీ వెనక తలుపు దగ్గరికీ తిరిగాను. "నిలబడితే బస్సు తొందరగా పోతాదా సిస్టరమ్మా?" అని ఒక పెద్దాయన ఎగతాళి చేశాడు. ఆయన తప్పేముంది? విరించిపురం దాటుతుండగా డాక్టరమ్మ ఫోను. ఎమర్జెన్సీ వార్డుకు లైను దొరికింది, కానీ ఆ పాపను చూస్తున్న డాక్టరు గది లోపల ఉన్నాడు, వెన్నులో సూది వేసి నీరు తీసే ఏర్పాట్లు చేస్తున్నారట. "కబురు పెడతామన్నారు. నువ్వు ఆగొద్దు" అంది.

వేలూరులో బస్సు ఆగకముందే దిగాను. వయసు మరిచిపోయి పరుగెత్తాను. వార్డు బయట వరండాలో పాప తండ్రి అరుస్తున్నాడు. గోడకు ఆనుకుని నేల మీద ఆ ముసలమ్మ.

"ఏం ఆకు పోసినావో చెప్పుమా! డాక్టరు అడగతా ఉండాడు! చెప్పకపోతే వెన్నులో సూదేస్తారంట! నా బిడ్డను చంపేదానికేనా నీ చేతికిచ్చింది?"

"నేనేం పొయ్యలేదు నాయనా" అంటోంది ఆమె. ఎన్నోసారి అంటోందో. గొంతులో జీవం లేదు. "ఆ యమ్మ చెప్పినట్టే పోసినా."

నేను ఆగలేదు, తలుపు తోసుకుని లోపలికి పోయాను. కుర్ర డాక్టరు చేతికి తొడుగులు వేసుకుని ఉన్నాడు. ట్రే సిద్ధంగా ఉంది. పాపను పక్కకు వంచి పట్టుకోవడానికి ఇద్దరు నర్సులు నిలబడ్డారు. పాప జుట్టు చెమటకు నుదుటికి అంటుకుపోయి ఉంది. నేను తమిళంలో గబగబా చెప్పాను. అర్థం కాలేదో, నమ్మలేదో, ఎవరు మీరు అన్నాడు. "నేను చెప్పిన కొలత తప్పు సార్. సిరంజి ఇవ్వండి" అన్నాను. అతని ఎదుటే సంగులోకి నీళ్ళు కొలిచి పోశాను. కొంచెం కింద పడింది, మళ్ళీ మొదట్నుంచి పోశాను. పదకొండు దగ్గర ఆపి, "ఇది సగం. ఇట్లా మూడు పూటలు" అన్నాను. మందు పేరు చెప్పాను.

అతను ఆ సంగును చేతిలోకి తీసుకుని చూశాడు. పాప కళ్ళలోకి లైటు వేసి మళ్ళీ చూశాడు. తొడుగులు తీసేశాడు. ట్రే పక్కకు పెట్టమన్నాడు. గుండె కొట్టుకోవడం చూపించే మిషను తగిలించారు, సెలైను పెట్టారు. మందు ఒంట్లోంచి పోయేదాకా కనిపెట్టుకుని ఉండాలన్నాడు. సూది అవసరం ఇప్పుడు లేదు అన్నాడు. నేను ఆ మంచం ఇనుప కమ్మీ పట్టుకుని గట్టిగా ఏడ్చేశాను. నర్సు ఏడవకూడదని మీకు నేర్పిస్తారు. నాకూ నేర్పారు.

బయటికి వచ్చి తండ్రితో చెప్పాను. "మీ అమ్మ ఏం తప్పూ చెయ్యలేదు. తప్పు నాది." అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నన్ను అనాల్సినవన్నీ అన్నాడు. అప్పటికి పాప తల్లి కూడా ఫ్యాక్టరీ కోటుతోనే వచ్చింది, ఆమె కూడా అంది. తల వంచుకుని విన్నాను. ముసలమ్మ మాత్రం నావైపు చూడనే లేదు. వార్డు తలుపు సందులోంచి పాప పాదం కనబడుతోంది, దాన్నే చూస్తోంది.

మూడో అంతస్తు వార్డులో రాత్రంతా పాప ఉలిక్కిపడుతూనే ఉంది. మర్నాడు మధ్యాహ్నానికి కళ్ళు మామూలయ్యాయి. "అవ్వ" అంది. బిస్కెట్టు అడిగింది. పది మెట్లు ఎక్కితే ఆయాసపడే నేను ఆ సంతోషంలో మూడు అంతస్తులు దిగి బిస్కెట్లు కొనుక్కొచ్చాను.

క్లినిక్కులో ఆ వారమే సంగు లెక్క ఎత్తేశాం. అందరినీ వాళ్ళ ఇళ్ళలో ఉన్న సంగులు తెమ్మని కొలిచి చూశాం. ఏ రెండూ ఒక్కలాగా లేవు. ఆరేళ్ళు నేను చెప్పిన సగాలు ఎన్నని! దేవుడు కాచాడంటే కాచాడు. ఆ తర్వాత మందుతోపాటు సూది లేని సిరంజి ఇచ్చి, గీత దగ్గర రంగు పెట్టి, తల్లి చేత అక్కడే ఒకసారి నీళ్ళు తీయించి చూసి పంపేవాళ్ళం. డాక్టరమ్మ నన్ను పనిలోంచి తీసెయ్యలేదు. మళ్ళీ అక్కా అనడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే సంగతి. తిట్టింది నలభై మంది ముందు. ఒప్పుకున్నది ఆసుపత్రి వరండాలో, నలుగురి ముందు. గుడియాత్తంలో ఆ వీధికంతా ఆ ముసలమ్మ ఆకు పోసిన మనిషిగానే మిగిలిపోయింది.

నెల తర్వాత పాపకు మళ్ళీ దద్దుర్లు వచ్చాయి. తల్లి వచ్చి చూపించుకుని, ఈసారి నిద్రమత్తు అంతగా తేని కొత్త రకం మందు, సిరంజి తీసుకుని పోయింది. రోజుకు ఒక్కసారి, అయిదు రోజులు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి క్లినిక్కు తలుపు తీస్తే మెట్ల మీద ముసలమ్మ. చంకలో పాప, చేతిలో మూత విప్పని సీసా. "నువ్వే పొయ్యి" అంది. పోశాను. ఊరి ఆ చివరనుంచి నడిచి వచ్చింది, నడిచి పోయింది. రెండో రోజూ అంతే. కోడలికి ఫోను చేస్తే, "ఏం చేసేది సిస్టర్? ఆ దినం నుంచి బిడ్డకు నీళ్ళు కూడా తాపలేదు మా అత్త. నా చేతికి వద్దు అంటాది" అంది.

మూడో రోజు హాలు నిండేదాకా ఆమెను కూర్చోబెట్టాను. లేచి నిలబడి గొంతు పెంచి అందరికీ చెప్పాను. ఆ రోజు ఈమెను తిట్టాను, ఈమె ఏ ఆకూ పొయ్యలేదు, నేను చెప్పిన కొలత తప్పు, బిడ్డ ప్రాణం మీదికి తెచ్చింది నేను అని. జనం విన్నారు. తర్వాత ఒకాయన, "సరే సిస్టరమ్మా, పదో నెంబరు ఎప్పుడు పిలుస్తారు?" అన్నాడు. ఆరోజు ఉన్నవాళ్ళలో ఎంతమంది ఈరోజు ఉన్నారో దేవుడికే తెలియాలి.

ముసలమ్మ నా కొంగు పట్టి లాగింది. "చాలు, కూచో. దాంతో నాకేం పని? ఊరు ఏమన్నా అనుకోనీ. నేను పోసిందే కదా బిడ్డ తాగినాది? నా చేత్తోనే కదా?"

సిరంజిలోకి మందు తీశాను, గీత దగ్గర ఆపి, వెలుతురుకు పెట్టి చూశాను. మళ్ళీ చూశాను. ఆ రోజు తర్వాత ఏ మందైనా మూడుసార్లు చూస్తే గానీ నా మనసు ఒప్పడం లేదు. ఆమె నా వేళ్ళవైపే చూస్తోంది.

"నీ చెయ్యీ వణకతా ఉండాదే" అంది.

"వణకతాదమ్మా. దినామూ."

"అయినా పోస్తా ఉండావు."

"పొయ్యాల కదమ్మా. బిడ్డలు వస్తా ఉండారు."

ముసలమ్మ పాపను చంక దించి, బెంచీ మీద సరిగా కూర్చుని, కాళ్ళు చాపి, వాటి మీద పడుకోబెట్టుకుంది.

"ఇట్ల తే" అంది సిరంజి కోసం చెయ్యి చాపి. "నువ్వు ఈడే నిలబడు. యాడికీ పోవద్దు."

నేను నిలబడ్డాను. పదో నెంబరాయన పిలుస్తూనే ఉన్నాడు.